మా అత్తగారు ఏరిన రాళ్ళు

అక్టోబరులో పిల్లలకి వారం రోజులు బడి సెలవులు. ఎక్కడికెళ్ళాలా అన్న చర్చ మా ఇంట్లో ప్రతి ఏడూ రెండు నెలల ముందే మొదలవుతుంది. ఈసారి మాత్రం ఐదు నిమిషాల్లో తేలిపోయింది. వేసవిలో మామయ్యగారి సంవత్సరీకానికి ఇండియా వెళ్ళొచ్చిన టిక్కెట్ల బాకీ ఇంకా క్రెడిట్ కార్డు మీద అలాగే ఉంది. వస్తూ వస్తూ అత్తయ్యగారిని మాతో తీసుకొచ్చాం. విమానం మాట ఎత్తితే ఆవిడ ఇప్పటికీ దణ్ణం పెడుతున్నారు. కాబట్టి డబ్బు తక్కువ, దూరం తక్కువ, మెట్లు తక్కువ. ఈ మూడూ కుదిరే చోటు కావాలి.

మేముండేది ఇంగ్లండ్ నైరుతి మూల టాంటన్ అనే ఊళ్ళో. ఇక్కడికొచ్చి నాలుగేళ్ళయింది. కారెక్కితే గంట లోపే చార్మత్ అనే చిన్న సముద్రపు ఊరుంది. అక్కడ ఒడ్డున నడుస్తుంటే కోట్ల ఏళ్ళ నాటి శిలాజాలు కాళ్ళకి తగులుతాయని, మా అమ్మాయి క్లాసులో సగం మంది ఇళ్ళల్లో కిటికీ గట్టు మీద అవే ఉంటాయని అది ఎప్పటినుంచో గొడవ చేస్తోంది. స్కాట్లాండ్ చూశాం, పారిస్ చూశాం, ఇంటి పక్కనున్న దాన్ని మాత్రం "ఎప్పుడైనా వెళ్ళొచ్చులే" అని వదిలేశాం. అన్నవరం పక్కనే పుట్టినవాళ్ళు పెళ్ళయ్యేదాకా కొండెక్కనట్టు.

సీజను కాదు కాబట్టి అక్కడి కారవాన్ మూడు రాత్రులకి చవగ్గానే దొరికింది. సామానులో సగం నా వంటిల్లే. అత్తయ్యగారు ఉల్లి, వెల్లుల్లి తినరు, బయటి తిండి ముట్టరు. రైస్ కుక్కర్, కందిపొడి, నెయ్యి, చింతకాయ పచ్చడి, ఒక డబ్బా నిండా పులిహోర. మావారు డిక్కీ మూస్తూ, "సెలవులకి వెళ్తున్నామా, కాపురం మారుస్తున్నామా?" అన్నారు. అత్తయ్యగారు నవ్వలేదు. ఆవిడ వచ్చిన ఈ రెండు నెలల్లో నవ్వడం నేను చూడనే లేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రెండు నెలలూ నాకు ఆవిడ మీద లోపల్లోపల విసుగ్గానే ఉంది. రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి వంటింట్లోకి వస్తారు. లైటు వెయ్యరు. సింకు దగ్గర నిలబడి, ఊరి నుంచి తెచ్చుకున్న రాగి చెంబు నిండా నీళ్ళు పడతారు. కాసేపు చూసి పారబోస్తారు. మళ్ళీ పడతారు. ఆ చప్పుడుకి నాకు మెలకువ వచ్చేస్తుంది. "నా వంటిల్లు శుభ్రంగా లేదని కాబోలు, కడిగిందే కడుగుతున్నారు" అనుకునేదాన్ని. అడగలేదు. కోడళ్ళం కదా, అడగడం కన్నా అనుకోవడం మనకి అలవాటు.

మొదటిరోజు పొద్దున్నే సముద్రం దగ్గరికి వెళ్ళాం. చార్ అనే చిన్న నది వచ్చి అక్కడ సముద్రంలో కలుస్తుంది. అమలాపురం నుంచి వచ్చిన మనిషికి అది నదిలా ఏం కనిపిస్తుంది? "మా పంట కాలువ దీనికన్నా నయం" అన్నారు. అయినా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, సాక్సులు విప్పి, అంత చలిలోనూ నీళ్ళలో అడుగుపెట్టి, మూడుసార్లు నెత్తిన చల్లుకున్నారు. తర్వాత మావారి జాకెట్టు చీర మీద తొడుక్కుని, మంకీ క్యాప్ పెట్టుకుని ఒక బండరాయి మీద కూర్చున్నారు.

చార్మత్‌లో ఒడ్డునే హెరిటేజ్ కోస్ట్ సెంటర్ అని ఒకటుంది. ఒకప్పుడు సిమెంటు ఫ్యాక్టరీ నడిచిన పాత కట్టడం. అక్కడివాళ్ళు టిక్కెట్టు తీసుకున్నవాళ్ళని గుంపుగా ఒడ్డుకి తీసుకెళ్ళి శిలాజాలు ఎలా వెతకాలో చూపిస్తారు. మా గుంపుకొచ్చిన ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ముందుగా కొండల వైపు చూపించి, వాటి దగ్గరికి పోవద్దని గట్టిగా చెప్పింది. అక్కడి కొండలు రాయి కాదు, సగం బురద. నల్లటి మట్టి పొరలు పొరలుగా ఉంటుంది. వానలకి నాని ఎప్పుడు జారి పడతాయో తెలియదు. లైమ్ రీజిస్ వైపున్న బ్లాక్ వెన్ అనే కొండ అలా జారుతూనే ఉంటుందట. అటుపక్క గోల్డెన్ క్యాప్ అని 191 మీటర్ల ఎత్తు కొండ, దక్షిణ తీరంలో అన్నిటికన్నా ఎత్తైనది. ఆవిడ చెప్పి ముగించేలోపే మా బుడ్డాడు ఒక బూటు బురదలో వదిలేసి ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చాడు. ఆ బూటు లాగడానికి మావారికి పావుగంట పట్టింది.

ఆ కొండలు జారడమే శిలాజాలు దొరకడానికి కారణం. సుమారు 19 కోట్ల ఏళ్ళ క్రితం అక్కడ వెచ్చటి సముద్రం ఉండేదట. అందులో బతికిన జీవులు చచ్చి అడుగున బురదలో కూరుకుపోయాయి. పైన పొర మీద పొర పేరుకుని అంతా రాయైంది. ఇప్పుడు కొండ జారితే సముద్రం ఆ మట్టిని కడిగేస్తుంది, బరువైనవి ఒడ్డున మిగిలిపోతాయి. అంటే తవ్వక్కర్లేదు, కొట్టక్కర్లేదు. వంగి చూడటమే. ఇలాంటి తీరం 95 మైళ్ళ పొడవునా ఉంది. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. భూమి చరిత్రలో 18.5 కోట్ల ఏళ్ళు ఈ కొండల్లో పుస్తకం పేజీల్లా కనిపిస్తాయట.

ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి బెలెమ్నైట్. అచ్చం మన చిన్నప్పటి పలక మీద రాసుకునే బలపం ముక్కలా ఉంటుంది. రెండోది అమ్మోనైట్. పాము చుట్ట చుట్టుకున్నట్టు ఉండే గవ్వ. ఇప్పటి స్క్విడ్‌లకి దూరపు చుట్టం, డైనోసార్లతో పాటే అంతరించిపోయింది. చార్మత్‌లో దొరికే చిన్న అమ్మోనైట్లలో చాలావాటికి బంగారు రంగు. అది బంగారం కాదు, పైరైట్ అనే ఇనుప ఖనిజం.

"శిలాజం కోసం వెతకకండి, చుట్టూ ఉన్నవాటిలో కలవనిది ఏదో అది చూడండి" అని గైడు చెప్పింది. అందరం వంగి ఒడ్డంతా తిరిగాం. అరగంటకి నా నడుము పట్టేసింది. అమ్మాయికి రెండు బలపాలు దొరికాయి. మావారికి ఒక గాజు ముక్క, బుడ్డాడికి జేబు నిండా మామూలు రాళ్ళు.

వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్యగారు కూర్చున్నచోటే ఉన్నారు. కాళ్ళ దగ్గరున్న గులకరాళ్ళని గుప్పెడు తీసి ఒళ్ళో పరిచిన టవల్ మీద పోసుకుని, చూపుడువేలితో పక్కకి తోస్తున్నారు. ఆ వేలు కదిలే తీరు నాకు తెలుసు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరే వేలది. దగ్గరికెళ్తే టవల్ అంచున వరసగా ఏడు ఉన్నాయి. బఠాణీ గింజంత, శనగ గింజంత బంగారు చుట్టలు.

"ఇవేనా మీరు వెతికేవి? ముక్కుపుడకల్లా ఉన్నాయి" అన్నారు.

గైడు వచ్చి వంగి చూసి, ఆవిడ ఎన్నేళ్ళుగా శిలాజాలు ఏరుతోందని నన్ను అడిగింది. ఈరోజే మొదలంటే నమ్మలేదు. నేను బియ్యం సంగతి చెప్పాను. ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది, ఆ తర్వాత చాలాసేపు నవ్వింది. మా అమ్మాయి బామ్మ మెడ పట్టుకు వేలాడింది. అత్తయ్యగారు "చాల్లే, వదులు" అన్నారు గానీ ముఖం విచ్చుకుంది.

అంతలో ఒక పెద్దాయన తన సుత్తితో కోడిగుడ్డంత నల్లరాయి ఒకటి పగలగొట్టాడు. కొట్టేటప్పుడు కళ్ళకి అద్దాలు పెట్టుకున్నాడు, పిల్లల్ని దూరంగా జరిపాడు. రాయి సరిగ్గా రెండు చెక్కలైంది. లోపల చక్రంలా తిరిగిన అమ్మోనైట్ అచ్చు. చూడమని చేతులు మారుస్తూ ఇచ్చాడు. అది అత్తయ్యగారి దాకా వచ్చేసరికి ఆవిడ చప్పున రెండు చేతులూ వెనక్కి లాక్కున్నారు. రాయి కింద పడేది, అమ్మాయి పట్టుకుంది.

"ఏమైంది బామ్మా? మురికి లేదు, చూడు!"

"సాలగ్రామమే అది. నేను ముట్టుకోకూడదు" అన్నారు నెమ్మదిగా.

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. నిజమే కదా! నేపాల్‌లో గండకీ నది దగ్గర దొరికే సాలగ్రామాలు కూడా అమ్మోనైట్ శిలాజాలేనని ఎక్కడో చదివాను. హిమాలయాలు లేవకముందు అక్కడా సముద్రమే. ఆ సముద్రపు అడుగు పైకి లేచి కొండైంది, నది ఆ కొండని కోసి నల్లరాళ్ళని కిందికి తెస్తోంది. చదివినదాన్ని మామయ్యగారి పూజ గదితో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే.

మా అత్తవారింట సాలగ్రామం మామయ్యగారి తాతల నాటిది. నిమ్మకాయంత ఉంటుంది. రోజూ తెల్లవారుజామున మామయ్యగారు దానికి అభిషేకం చేసేవారు. ఆ ఇంటి ఆచారం ప్రకారం ఆడవాళ్ళు దాన్ని తాకరు. ఆయన పోయాక బంధువులంతా కూర్చుని మాట్లాడారు. నిత్యం నీళ్ళూ, నైవేద్యం లేకుండా సాలగ్రామం ఇంట్లో ఉండకూడదన్నారు. బావగారు ఉద్యోగం మీద నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతారు. మేము సముద్రాల అవతల. అందుకని మా ఊరి వేణుగోపాలస్వామి గుడిలో ఇచ్చేశారు. అప్పుడు నేను అక్కడే వంటింట్లో కాఫీలు కలుపుతున్నాను. అత్తయ్యగారు పక్కగదిలో చాప మీద పడుకుని ఉన్నారు.

మధ్యాహ్నం గాలి ఎక్కువైంది. ఒడ్డునే కూర్చుని పులిహోర తింటుంటే సీగల్ ఒకటి వాలి బుడ్డాడి చేతిలోని అప్పడం ఎత్తుకుపోయింది. వాడు ఏడుపు, అమ్మాయి నవ్వు. అత్తయ్యగారు మాత్రం ఆ పగిలిన రాయి ఉన్న పెద్దాయన వైపే చూస్తున్నారు.

రెండోరోజు లైమ్ రీజిస్ వెళ్ళాం. అది మేరీ ఆనింగ్ ఊరు. 1799లో పుట్టింది. తండ్రి వడ్రంగి పని చేస్తూ, శిలాజాలు ఏరి అక్కడికి వచ్చే షికారువాళ్ళకి అమ్మేవాడు. 1810లో అప్పులు మిగిల్చి చనిపోయాడు. మరుసటి ఏడు అన్న జోసెఫ్‌కి కొండలో ఒక పెద్ద తలకాయ కనిపించింది, ఏడాదికల్లా మిగతా ఒళ్ళు మేరీ కనిపెట్టింది. అది ఇక్తియోసార్ అనే సముద్రపు జీవి. అప్పటికి ఆ పిల్లకి పన్నెండో పదమూడో. ఆ తర్వాత 1823లో ప్లీసియోసార్ పూర్తి అస్థిపంజరం తీసింది. బడి చదువు పెద్దగా లేకపోయినా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆమె దగ్గరికొచ్చి నేర్చుకున్నారు. కానీ లండన్‌లోని జియలాజికల్ సొసైటీలో ఆమెకి చోటు లేదు. అక్కడ ఆడవాళ్ళని సభ్యులుగా తీసుకున్నది 1919లో. మేరీ 1847లోనే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆమె పుట్టిన ఇల్లు ఉన్నచోటే ఇప్పుడు మ్యూజియం. 2022లో సముద్రం దగ్గర విగ్రహం కూడా పెట్టారు, పక్కన ఆమె కుక్క ట్రేతో సహా.

అమ్మాయి ఇదంతా బామ్మకి తెలుగులోకి మార్చి చెబుతోంది. "సైంటిస్టులు" అనీ, "బొక్కలు" అనీ దాని తెలుగు దానిది. అత్తయ్యగారు అంతా విని ఒక్కటే ప్రశ్న అడిగారు.

"మొగుడు పోయాక ఆ పిల్ల తల్లి ఏం చేసిందే?"

మా ఎవరికీ తట్టని ప్రశ్న. మ్యూజియంలో మళ్ళీ వెతుక్కున్నాం, నేను ఫోన్‌లో చదివాను. తల్లి పేరు మేరీయే, మాలీ అని పిలిచేవారు. పుట్టిన పిల్లల్లో ఇద్దరే మిగిలారు. భర్త పోయాక శిలాజాల వ్యాపారం మొదట నడిపింది ఆవిడే. 1821లో కూడా ఒక శిలాజానికి రావలసిన డబ్బు కోసం బ్రిటిష్ మ్యూజియంకి ఉత్తరం రాసింది. చర్చి పక్కన మేరీ సమాధి దగ్గరికెళ్తే ఎవరెవరో పెట్టి వెళ్ళిన గవ్వలు, చిన్న చిన్న శిలాజాలు ఉన్నాయి. అత్తయ్యగారు రుమాలు ముడి విప్పి, నిన్నటి ఏడింటిలో ఒకటి తీసి అక్కడ పెట్టారు. "ఆ తల్లికి" అన్నారు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక కారవాన్‌లో టీ పెట్టాను. మావారు బయట ఫోన్‌లో ఉన్నారు. అత్తయ్యగారు తనంతట తనే మొదలుపెట్టారు.

"కాపురానికి వచ్చిన మర్నాటి నుంచీ నేనే నీళ్ళు తెచ్చేదాన్ని. అయిదింటికి స్నానం చేసి, తడిచీరతో నూతిలో తోడి, రాగి చెంబుతో ఆయన పక్కన పెట్టేదాన్ని. తులసి నేనే కోసేదాన్ని, గంధం నేనే తీసేదాన్ని, నైవేద్యం నేనే వండేదాన్ని. యాభై ఏళ్ళకి కొంచెం తక్కువ. ముట్టుకోవాలని నాకెప్పుడూ లేదమ్మాయ్. ముట్టుకోకూడదంటే ముట్టుకోలేదు. కానీ ఇచ్చేసేటప్పుడు నన్నొక మాట అడిగి ఉంటే బావుండేది. నీళ్ళు తెచ్చినదాన్ని కదా."

చెంబు, నీళ్ళు, చీకట్లో సింకు. నాకు సిగ్గేసింది. అందరితో పాటు నేనూ ఆవిడని అడగలేదు. ఇక్కడికి తెచ్చాక కూడా, "పొద్దున్నే ఎందుకు లేస్తున్నారు అత్తయ్యా?" అని అడగలేదు.

"నేను నా వంటిల్లు మీకు నచ్చలేదేమో అనుకున్నానండీ" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసి, "నీ వంటింటికేం, దివ్యంగా ఉంది. ఆ చిమ్నీ ఒక్కటే కాస్త తుడుచుకో" అన్నారు. అత్తగారు అత్తగారే.

మావారు లోపలికొచ్చాక అంతా చెప్పాను. కాసేపు తల వంచుకుని కూర్చున్నారు. ఆ తర్వాత, "ఆ గుడిలో ఇచ్చింది మళ్ళీ అడిగితే ఇస్తారమ్మా. అన్నయ్యతో నేను మాట్లాడతాను. ఇంటికి తెచ్చేసుకుందామా? నువ్వే నీళ్ళు పోసుకుందువు గానీ" అన్నారు.

అత్తయ్యగారు కొడుకు ముఖంలోకి చూశారు. "నన్నే అడుగుతున్నావా?"

"నిన్నేనమ్మా."

"ఆలోచించి చెప్తాను" అని దుప్పటి కప్పుకుని పడుకున్నారు.

మూడోరోజు బయల్దేరే ముందు ఆవిడ మళ్ళీ ఒడ్డుకి వెళ్తానన్నారు. ఈసారి బుడ్డాడికి పక్కన కూర్చోబెట్టుకుని ఏరడం నేర్పించారు. వాడికీ ఒకటి దొరికింది. సెంటర్‌లో ఆ బంగారు చుట్టల్ని ఎలా దాచుకోవాలో అడిగాం. మంచినీళ్ళతో ఉప్పు పోయేలా కడిగి, బాగా ఆరబెట్టి, పొడిగా ఉంచాలి. తేమ తగులుతూ ఉంటే పైరైట్ కొన్నేళ్ళకి పొడిపొడిగా రాలిపోతుందట. అది తెలుగులో చెబితే అత్తయ్యగారు, "అభిషేకం పనికిరాని దేవుడన్నమాట" అన్నారు. అని, నవ్వారు. మావారు నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను.

మీలో ఇటువైపు ఉన్నవాళ్ళు ఎవరైనా వెళ్ళాలనుకుంటే నాలుగు మాటలు. పోటు, ఆటు ఎప్పుడో చూసుకుని, నీళ్ళు వెనక్కి వెళ్తున్నప్పుడు వెళ్ళండి. పోటు వచ్చిందంటే కొండకీ నీళ్ళకీ మధ్య ఇరుక్కుపోతారు. కొండ దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. కొండని తవ్వకండి, ఒడ్డున రాలినవే ఏరుకోండి. పెద్దదో, విచిత్రమైనదో దొరికితే సెంటర్‌లో చూపించండి. బూట్లు బిగుతుగా ఉండేవి వెయ్యండి. అప్పడాలు మాత్రం కారులోనే తినండి.

మేమొచ్చి మూడు వారాలైంది. అత్తయ్యగారు ఇంకా ఐదింటికే లేస్తున్నారు. ఇప్పుడు నేనూ లేస్తున్నాను. ఆవిడ చెంబు నింపి మా కుండీలోని తులసికి పోస్తారు. మామయ్యగారి బీపీ మాత్రల ఖాళీ డబ్బాలో దూది పరిచి, మిగిలిన ఆరు చుట్టలూ అందులో పెట్టుకున్నారు. తడిచేయి బాగా తుడుచుకున్నాకే మూత తీస్తారు. ఒక్కొక్కటే వేలితో కదిపి చూసుకుని మళ్ళీ మూత పెడతారు. అప్పుడు ఇద్దరం కాఫీ తాగుతాం.

సాలగ్రామం సంగతి ఆవిడ ఇంకా ఏమీ చెప్పలేదు. సంక్రాంతికి ఇండియా వెళ్ళాలి, ఇంకా టైముంది. మావారు నిన్న మళ్ళీ అడగబోతే నేనే కళ్ళతో వద్దన్నాను. ఆలోచించుకోనీ.